అంకుల్ పట్టిన నీలం కాగితం

అంకుల్ పోయారన్న కబురు నాకు ఉదయం తొమ్మిదింటికి తెలిసింది. వార్డులో ఒక పెద్దాయన మోచేతికి బెల్టు కట్టి, నరం కోసం వేలితో తడుముతున్నాను. జేబులో ఫోన్ రెండుసార్లు అదిరింది. తియ్యలేదు. చేతిలో సూది ఉన్నప్పుడు ఎవరు పిలిచినా పలకొద్దని నేర్పింది ఆయనే. రక్తం తీసి, దూది అదిమి, ప్లాస్టర్ అంటించి, ట్యూబు మీద వివరాలు రాసి, అప్పుడు కారిడార్‌లోకి వచ్చి చూసుకుంటే ఆంటీ మెసేజ్. "అంకుల్ వెళ్ళిపోయారమ్మా. పొద్దున ఆరున్నరకి. ఇబ్బంది పడలేదు." తర్వాత ఏం చెయ్యాలో తోచక ఇంకో ముగ్గురికి రక్తం తీశాను. ఒక్క గుచ్చూ తప్పలేదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియక అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన పేరు రాయడం లేదు. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడనూ లేదు. ఐర్లండ్‌లో మేముండే ఊళ్ళో తెలుగు పిల్లలకి ఆయన బ్లడ్ అంకుల్. మా అందరికీ వట్టి అంకుల్. కాజిల్‌బార్‌కి ముప్పావు గంట దూరంలో ఉన్న చిన్న ఆస్పత్రి మాది. అందులో ఆయన ఉద్యోగం రక్తం తియ్యడం. పొద్దున్నే ట్రాలీ తోసుకుంటూ వార్డు వార్డూ తిరిగి, నిద్రమొహాల్తో ఉన్నవాళ్ళ చేతులు పట్టుకోవడం. తెనాలిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేవారట. ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చారు. ఆంటీ సీనియర్ కాబట్టి డ్యూటీలో ఆవిడని "సిస్టర్ గారూ" అని పిలిచేవారు. ఇంట్లో కూడా అదే పిలుపు. "ఉప్పు తక్కువైంది సిస్టర్ గారూ" అంటే ఆంటీ గరిటె చూపించేది.

ఇట్లాంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి ఏమిటో తెలుసా? రక్తపిశాచి సినిమా. నవ్వకండి. రక్తం తీసే ఉద్యోగం, రక్తం తాగే సినిమా. అది కూడా ఏదో కొత్త సినిమా కాదు. వందేళ్ళ నాటిది, జర్మనీ వాళ్ళు తీసింది, మాటలు లేనిది. తెల్లటి మొహం, బోడి గుండు, ఎలక పళ్ళు, చేటంత చెవులు, ఇంతేసి గోళ్ళు వేసుకుని ఒక పొడుగాటి మనిషి మెల్లగా నడిచొచ్చే సినిమా. ఏడాదికోసారి, అక్టోబర్ చివర్లో ఇక్కడి పిల్లలు దెయ్యం వేషాలు వేసుకునే రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో దాన్ని వేసేవారు. తెర అంటే ఆంటీ డబుల్ బెడ్‌షీట్. కిటికీలకి నల్ల చెత్తసంచులు అంటించేవారు. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేని మన ముసలివాళ్ళ కోసం, ప్రొజెక్టర్ పక్కన నిలబడి సినిమా అంతా తెలుగులో చెప్పేవారు. అక్షరాల్లో ఉన్నది సగం, సొంత పైత్యం సగం.

నాకు ఆయన ఎట్లా పరిచయమయ్యారో చెప్తాను. అది నాకేం గొప్ప కాదు, అయినా చెప్తాను.

నేను ఒంగోలు నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలు. మా ఆయనకి రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పని. అక్కడి నుంచి మా ఊరికి కారులో నాలుగు గంటలు, అందుకని వారానికోసారి కనపడేవాడు. నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. వార్డు మేనేజర్ దగ్గర ఒక కాగితం ఉండేది. నాకు చేతనైన ప్రతి పనికీ ఎదురుగా ఆవిడ సంతకం పెట్టాలి. అన్నీ అయ్యాయి, రక్తం తియ్యడం ఒక్కటి మిగిలింది. అయిదేళ్ళు ఒంగోల్లో చేసిన పనే కదా అని ధీమాగా వెళ్ళి ఒక రైతు పెద్దాయన చేతికి సూది గుచ్చాను. నరం జారిపోయింది. మళ్ళీ గుచ్చాను. మళ్ళీ. నాలుగోసారి మేనేజర్ నా చేతిలోంచి సూది తీసుకుంది. ఆ పెద్దాయన మాత్రం "యూ ఆర్ గ్రాండ్, లవ్, యూ ఆర్ గ్రాండ్" అంటూనే ఉన్నాడు. ఇక్కడ వాన పడ్డా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. మర్నాడు చూస్తే ఆయన చెయ్యి వంకాయ రంగులో ఉంది.

అప్పట్నుంచి సూది పట్టుకుంటే చాలు, నా చెయ్యి వణకడం మొదలెట్టింది. ఎంత తమాయించుకున్నా ఆగేది కాదు. సంతకం పడకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు. ప్రొబేషన్ అయిపోవడానికి అయిదు వారాలుంది. దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడుస్తుంటే, తలుపు తోసుకుని ఒక బట్టతల లోపలికి వచ్చింది.

"ఏమ్మా, ఒంగోలా?"

కళ్ళు తుడుచుకుని "ఎట్లా తెలుసండీ?" అన్నాను.

"ఏడుపులోనే యాస తెలుస్తోంది" అన్నారు. "శనివారం డ్యూటీ లేదుగా? మధ్యాహ్నం హాలుకి రా. రక్తపిశాచి సినిమా వేస్తున్నాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. రక్తం దగ్గర పరువు పోగొట్టుకుని నేనిక్కడ చస్తుంటే, ఈయన నన్ను రక్తం తాగే దెయ్యాన్ని చూడ్డానికి పిలుస్తాడా! రానని మొహం మీదే చెప్పాను. "ఆంటీ గోంగూర మాంసం చేస్తోంది" అన్నారు. వెళ్ళాను.

హాల్లో ముప్పై నలభై మంది ఉన్నారు. ఎక్కువ మంది నర్సులు, ముసలివాళ్ళని చూసుకునే కేరర్లు, వాళ్ళ పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అత్తమామలు. వెనకాల నలుగురు ఐరిష్ ఆడవాళ్ళు టీ కెటిల్ దగ్గర కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అంకుల్ చెప్పేదానికి మాతో పాటు నవ్వుతున్నారు. మీరు ఆ సినిమా చూసి ఉండకపోతే కథ సులువు. కొండల్లో ఉన్న పిశాచికి పట్నంలో ఇల్లు కావాలి. ఇళ్ళ బేరగాడు తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి పంపిస్తాడు. పిశాచి ఆ కుర్రాడి రక్తం రుచి చూసి, పెట్టెలూ ఎలకలూ వేసుకుని ఓడెక్కి, ఆ కుర్రాడి ఇంటికి ఎదురిల్లే కొనుక్కుని దిగుతుంది.

"చూశారా, పాత ఓనరు రిఫరెన్స్ అడగలేదు, ఇల్లు చూడ్డానికి క్యూ లేదు" అన్నారు అంకుల్ తెర చూపిస్తూ. "మనకేమో ఏడాది తిరిగినా ఇల్లు దొరకదు. పైగా ఆ గోళ్ళేంటయ్యా! ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్ళు చూస్తే గడప తొక్కనిస్తారా?" హాలు గొల్లుమంది. నేను నవ్వకూడదని పట్టుబట్టి కూర్చున్నాను.

ఇంతలో పిశాచి పట్నంలో దిగి, తను పడుకునే శవపెట్టెని చంకన పెట్టుకుని వీధుల్లో నడుచుకుంటూ పోయే చోటు వచ్చింది. అంకుల్ దగ్గరున్న సీడీలో ఆ వీధంతా తెల్లగా ఎండ కాస్తోంది. గోడల మీద నీడలు కూడా కనపడుతున్నాయి. అంకుల్ గొంతు తగ్గించి అన్నారు:

"పాపం, నైట్ డ్యూటీ దిగాడు. టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి పోతున్నాడు. ఎవరూ పలకరించమాకండి."

ఆ నవ్వు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ హాల్లో సగం మంది ఆ పొద్దున నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్ళే. ఎనిమిదింటికి ఎండలో కళ్ళు చికిలించుకుంటూ, సంచీ చంకన పెట్టుకుని, తెల్లటి మొహంతో బస్టాపుకి నడవడం ఎట్లా ఉంటుందో వాళ్ళకి తెలుసు. నాకూ తెలుసు. మూడు నెలల్లో మొదటిసారి పొట్ట పట్టుకుని నవ్వాను.

సినిమా చివర్లో పిశాచి ఎండ తగిలి మాయమైపోతుంది. చీరాల నుంచి కోడలి దగ్గరికి వచ్చిన ఒక మామ్మగారు అప్పుడు లేచింది. "బాబూ, నాకు తెలీక అడుగుతా. ఎండ తగిలితే చచ్చేవాడు ఇందాక డబ్బా పట్టుకుని ఎండలో ఊరంతా ఎట్టా తిరిగాడు?"

అంకుల్ తెర వంక చూశారు, మామ్మగారి వంక చూశారు. అన్నేళ్ళుగా ఆ సినిమా వేస్తూ ఈ ప్రశ్న ఆయనకి తట్టనేలేదు. "పెళ్ళయిన కాడి నుంచి ఈయన నోరు మూతపడ్డం ఇదే మొదటిసారి, మామ్మగారికి ఇంకో ముక్క వెయ్యండి" అంది ఆంటీ.

మీరైతే పోనీలే అనుకుంటారు. అంకుల్‌కి నాలుగు రోజులు నిద్ర లేదు. అయిదో రోజు పొద్దున గుండె వార్డులో ఒక ముసలాయనకి రక్తం తీస్తూ, మాటల్లో ఆయన ఒకప్పుడు ఊళ్ళో ఉండే సినిమా హాల్లో ఆపరేటర్ అని తెలిసి, ఈ సంగతి అడిగేశారు. ఆయన నవ్విన నవ్వుకి మంచం పక్కన మిషన్ మోగిందట. అది ఎండ కాదు నాయనా, అర్ధరాత్రి అన్నాడట. ఆ కాలపు కెమెరాలు చీకట్లో పనిచేసేవి కావు. అందుకని రాత్రి సీన్లు కూడా పట్టపగలే తీసేసి, తర్వాత ఆ రీలుని నీలం రంగులో ముంచేవాళ్ళు. నీలం కనపడితే రాత్రి. పసుపు కనపడితే ఇంట్లో దీపం. లేత గులాబీ అయితే తెల్లవారడం. చవక కాపీల్లో ఆ రంగులు పోయి, రాత్రులన్నీ పగళ్ళయిపోయాయి.

ఎప్పుడూ పరిగెత్తని మనిషి, గబగబా నడిస్తేనే పేషెంట్లు కంగారు పడతారని పాకినట్టు నడిచే మనిషి, ఆ రోజు దుప్పట్ల గదిలోకి పరిగెత్తుకుంటూ వచ్చారు. నేను అక్కడే ఉంటానని ఆయనకి తెలుసు.

"అమ్మాయ్, ఏడుపాపి ఇటు విను" అని ఇదంతా చెప్పారు. నేను ఊఁ కొట్టాను. నేనేం చేసుకోను ఆ నీలం రంగుని?

"ఆ నటుణ్ణి తలుచుకో ఒకసారి. నాటకాలోడు. పట్టపగలు, నిజం ఊళ్ళో, నిజం వీధిలో, ఆ చెవులూ పళ్ళూ పెట్టుకుని, చంకలో పెట్టె పెట్టుకుని నడవాలి. చుట్టూ జనం ఉండి ఉంటారు. నవ్వి ఉంటారు. ఎంత సిగ్గేసుంటుంది? కాళ్ళు వణికుండవూ? మనకి ఎక్కడన్నా కనపడిందా?"

"లేదు."

"ఎందుకు కనపడలా? అర్ధరాత్రనుకుని నడిచాడు. నీలం రంగు వాళ్ళు తర్వాత వేశారు, ఆయన ముందే వేసుకున్నాడు. అదీ సంగతి. నువ్వేమో భయం పోయేదాకా ఆగి, అప్పుడు సూది పట్టుకుందామని చూస్తున్నావు. అది పోదమ్మా. నాకే పోలేదు. ఉండనీ దాన్ని. ముందు దానికి నీలం కాగితం అడ్డం పెట్టు, ఎదుటివాళ్ళకి కనపడకుండా."

నేను నోరెళ్ళబెట్టాను. ముప్పై ఏళ్ళుగా రక్తం తీస్తున్న మనిషికి భయమా? ఆయన నవ్వి, చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు పెట్టారు. "సూది లేదు, ఏం లేదు. కళ్ళు మూసుకుని వేలితో నరం పట్టుకో."

రోజూ పొద్దున అయిదు నిమిషాలు, ఆ గదిలో, అదే బడి నాకు. ఆయన ఎడమ మోచేతి మడతలో, కాస్త బయటి వైపుగా, తాడులాంటి నరం ఒకటి ఉండేది. కళ్ళు మూసుకుని దాన్ని పట్టుకోవడం వచ్చాక ఇంకో దాన్ని వెతకమనేవారు. నేను తొందరపడితే నాలికతో "టిక్, టిక్" అని చప్పుడు చేసేవారు. అది కూడా సినిమా నుంచి తెచ్చుకున్నదే. ఆ దర్శకుడు షూటింగులో టిక్కుటిక్కుమనే తాళం మిషన్ పెట్టి, దానికి తగ్గట్టు నటుల్ని కదలమనేవాడట. "అందుకే పిశాచి అంత నింపాదిగా వస్తాడు. నింపాదిగా వచ్చేవాణ్ణి చూసి ఎదుటివాడు చెయ్యి లాక్కోడు. తొందరపడి వచ్చావనుకో, నరం కూడా పారిపోద్ది."

ప్రొబేషన్ ఇంకో వారంలో అయిపోతుందనగా మేనేజర్ పిలిచింది. మంచం మీద ఎవరున్నారనుకున్నారు? ఆ రైతు పెద్దాయనే. చెకప్‌కి వచ్చి, ఆ ఇండియా అమ్మాయి ఎక్కడ, దానికి ఇంకో అవకాశం ఇద్దాం అని తనే అడిగాడట. నా చేతులు చల్లబడిపోయాయి. రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకున్నాను, అంకుల్ పేషెంటుని ముట్టుకునే ముందు ఎప్పుడూ చేసినట్టు. భయం ఉంది. ఎంత ఉందో అంతా ఉంది. నీలం కాగితం, నీలం కాగితం అనుకుంటూ బెల్టు కట్టాను. తలుపు దగ్గర నుంచి వినపడీ వినపడనట్టు టిక్, టిక్ అని వినపడింది. ఒక్క గుచ్చు. ట్యూబులోకి ఎర్రగా వచ్చేసింది. "గ్రాండ్" అన్నాడు పెద్దాయన. మేనేజర్ సంతకం పెట్టింది. తలుపు వంక చూస్తే ట్రాలీ చక్రాల చప్పుడు దూరంగా పోతోంది.

ఆ సంతకం వల్లే నేను ఈ దేశంలో ఉన్నాను. మా ఇల్లు, మా ఆయన రింగాస్కిడీ వదిలి దగ్గర్లో ఉద్యోగం చూసుకోవడం, మా పాప, అన్నీ దాని తర్వాతివే.

ఆ మరుసటి ఏడు చర్చి లక్కీ డ్రాలో ఆంటీకి ఒక బిస్కెట్ల బుట్ట తగిలింది. దానికి చుట్టిన నీలం రంగు గలగలలాడే కాగితాన్ని అంకుల్ చింపనివ్వలేదు. జాగ్రత్తగా విప్పి, చుట్ట చుట్టి, ప్రెస్‌లో దాచారు. ప్రెస్ అంటే ఇక్కడి వాళ్ళకి బీరువా. ఇడ్లీ రవ్వ డబ్బాకీ సినిమా సీడీకీ మధ్యలో దాని చోటు. అక్టోబర్ వచ్చేసరికి సినిమాలో రాత్రి వచ్చినప్పుడల్లా ప్రొజెక్టర్ ముందు ఆ కాగితం రెండు చేతుల్తో పట్టుకునేవారు. బెడ్‌షీట్ నీలంగా అయిపోయేది. కథ చెప్పే హడావుడిలో ఒక్కోసారి మర్చిపోయేవారు. అప్పుడు పిల్లలు వెనకనుంచి ఇంగ్లీషులో అరిచేవాళ్ళు, "అంకుల్, ఇట్స్ నైట్!" అని. మూడో ఏటికి కాగితం పట్టే పని నాకిచ్చారు. "నీ చెయ్యి వణకదుగా ఇప్పుడు" అని అందరి ముందూ అన్నారు. ఎంత సంతోషమేసిందో.

కానీ ఒక గొడవ వచ్చిపడింది. ఆ నడక సీన్ కూడా నీలంగా మారిపోయింది కదా, నైట్ డ్యూటీ డైలాగు ఎగిరిపోయింది. "పాతదే బాగుంది అంకుల్, ఆ ఒక్క చోట కాగితం తియ్యండి" అని కేరర్లంతా బతిమాలేవాళ్ళు. ఒప్పుకునేవారు కాదు. "అది రాత్రి అని తెలిశాక పగలని ఎట్టా చెప్తానమ్మా? తీసినవాళ్ళు బాధపడరూ?" వందేళ్ళ కిందట పోయినవాళ్ళు బాధపడతారట! ఆ ఒక్క విషయంలో మొండి. ఆంటీ కూడా చెప్పి చూసింది. ఆవిడకి ఆ సినిమాలో నచ్చింది ఆ ఒక్క డైలాగే. మిగతాదంతా "మీ దెయ్యం గోల" అనేది.

ఆయనకి ఆ సినిమా తీసినవాళ్ళంతా చుట్టాల్లాంటివాళ్ళు మరి. పిశాచి వేసినాయన సినిమా మొత్తంలో పది నిమిషాలు కూడా కనపడడని, రెప్ప వేసేది ఒక్కసారేనని, కావాలంటే లెక్కపెట్టుకోమని చెప్పేవారు. ఇళ్ళ బేరగాడి వేషం వేసినాయన చిన్నప్పుడు దొడ్డికాళ్ళు ఉంటే, నటుడు కావాలని డాక్టర్ల చేత ఎముకలు విరగ్గొట్టించుకుని సరిచేయించుకున్నాడట. కాలు విరిగి ఏడ్చే ప్రతి పేషెంటుకీ ఈ కథ తప్పేది కాదు. అడవిలో బండి పోయే చోట ఫిల్ముని నెగెటివ్‌గానే వేశారని, అందుకే చెట్లు ఎక్స్‌రేలో ఎముకల్లాగా తెల్లగా ఉంటాయని ఎక్స్‌రే గదిలో వాళ్ళకి చెప్పేవారు. అసలు కథ రాసింది మన డబ్లిన్ మనిషే అని ఐరిష్ వాళ్ళకి చెప్పేవారు. వాళ్ళకి తెలియదా ఏంటి? అయినా కొత్తగా విన్నట్టు వినేవాళ్ళు. ఆ కథని అడక్కుండా తీసుకున్నారని రచయిత భార్య కోర్టుకెక్కితే, సినిమా కాపీలన్నీ నాశనం చెయ్యమని తీర్పొచ్చింది. సినిమా తీసిన కంపెనీ మళ్ళీ ఇంకోటి తియ్యలేదు.

"ఆవిడ చేసింది న్యాయమే" అనేవారు అంకుల్. "మొగుడి కష్టం అది. అడిగి తీసుకోవాల్సింది. కానీ ఎవడో మహానుభావుడు, ఏ ఊళ్ళోనో, ఒక్క కాపీ ప్రెస్‌లో పెట్టి మర్చిపోయాడు చూడు, వాడికి నా దణ్ణం."

అడిగి తీసుకోవడం దగ్గరే ఆయన ప్రాణం. చర్చిలో ఒకరిద్దరు ఈ దెయ్యం సినిమా ఏమిటని పాస్టర్ గారికి చెప్తే, ఆయన పిలిపించి అడిగారు. "నాకూ వాడికీ తేడా ఒక్కటేనండి" అన్నారట అంకుల్. "నేను అడిగి తీసుకుంటాను. తీసుకున్నాక దూది పెట్టి వస్తాను." పాస్టర్ గారు మరుసటి ఏడు ముందు వరసలో కూర్చున్నారు. గోంగూర మాంసం కోసమని మేమందరం ఏడిపించాం.

పోయిన ఏడాది చలికాలంలో అంకుల్‌కి పెద్దపేగులో జబ్బని తేలింది. వైద్యానికి కాజిల్‌బార్ వెళ్ళేవారు. వారం వారం రక్తపరీక్ష మాత్రం మా దగ్గరే. ఆయన పనిలోకి వచ్చిన కొత్త కుర్రాళ్ళు మంచివాళ్ళే, కానీ మందుల దెబ్బకి ఆయన నరాలన్నీ ముడుచుకుపోయాయి. వాళ్ళని కష్టపెట్టడం ఇష్టం లేక, "ఒంగోలు అమ్మాయిని పిలవండి" అనేవారు. ఏ వార్డులో ఉన్నా వెళ్ళేదాన్ని. నా గోళ్ళు చూసేవారు ముందు. తర్వాత చెయ్యి చాపేవారు.

ఆఖరిసారి సెప్టెంబర్‌లో. సగమైపోయారు మనిషి. ఎడమ మోచేతి మడతలో వేలు పెట్టాను, కళ్ళు మూసుకుని కూడా పట్టుకోగలిగిన ఆ నరం కోసం. లేదు. ఆ చోటంతా తడిమాను. లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత నా చెయ్యి వణికింది. ఆయనకి కనపడకూడదని పెదాలు బిగబట్టి, మొహం మామూలుగా పెట్టుకుని, కుడి చెయ్యి చూద్దాం అంకుల్ అని ఉత్సాహంగా అన్నాను.

"నా దగ్గరెందుకమ్మా నీలం కాగితం?" అన్నారు మెల్లిగా. "తీసెయ్."

తీసేశాను. ఇంకేం దాచుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను ఈ దేశంలో నిలబెట్టిన చెయ్యి అది. ఆయన ఆగమనలేదు, ఊరుకోమనలేదు. నా ఏడుపు కాస్త సద్దుమణిగాక, ఓపిక లేకపోయినా నాలికతో టిక్, టిక్ అన్నారు. ముక్కు తుడుచుకుని, చేతులు కడుక్కుని, రుద్దుకుని వెచ్చచేసుకుని, వణికే చేత్తోనే కుడి మణికట్టు పైన సన్నటి దాన్ని పట్టుకున్నాను. ఒక్క గుచ్చు.

"దొరికిందిగా" అన్నారు. "ఏడుస్తూ కూడా వస్తది నీకు. ఇంక నేను చూసుకోవాల్సిందేం లేదు." దూది నేను అదిమి పడితే, నా చెయ్యి మీద తన ఎడమ చెయ్యి వేశారు. లేచేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పారు. "నేనున్నా లేకపోయినా సినిమా ఆపొద్దు."

అక్టోబర్ మొదటి వారంలో పోయారు. ఇక్కడి పద్ధతిలో ఇంటి ముందు ఊరంతా వరస కట్టి, ఆంటీ చెయ్యి పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని చెప్పి వెళ్ళింది. చాలామంది చెప్పేటప్పుడు తమ మోచేతి మడత చూపించారు, ఇక్కడ తీశాడు, తెలియనే తెలియలేదు అని. ఆ రైతు పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి తలూపాడు.

మూడు వారాల తర్వాత శనివారం, మామూలుగానే, హాల్లో సినిమా వేశాం. చెత్తసంచులు అంటించాం. బెడ్‌షీట్ కట్టాం. కథ చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆంటీయే లేచి ప్రొజెక్టర్ పక్కన నిలబడింది. "నాకీ దెయ్యం గోల ఏమీ తెలీదు. ఆయన చెప్పింది వినీ వినీ నోటికొచ్చింది, అదే చెప్తా" అంది. నిజంగానే అంతా నోటికొచ్చేసింది ఆవిడకి. గోళ్ళ మాట, రిఫరెన్స్ మాట, అన్నీ. నేను ఈ పక్కన నీలం కాగితం పట్టుకుని నిలబడ్డాను. అన్నేళ్ళ మడతలకి దాని మధ్యలో గీతలు పడ్డాయి. ఆ గీతలు తెర మీద కనపడుతున్నాయి.

పిశాచి పట్నంలో దిగాడు. పెట్టె చంకన పెట్టుకుని నడక మొదలెట్టాడు. తెరంతా నీలం. ఆంటీ మాట ఆగిపోయింది. మా అందరికీ ఆవిడ ఏడుస్తుందేమోనని భయమేసింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"తియ్యమ్మా ఆ కాగితం."

"రాత్రి గదా ఆంటీ, అంకుల్ ఒప్పుకోరు."

"ఆయన సంగతి నేను చూసుకుంటా. నువ్వు తియ్యి."

తీసేశాను. బెడ్‌షీట్ మీద ఒక్కసారిగా ఎండ కాసింది. హాల్లో నవ్వులు మొదలయ్యాయి, ఏడుపులు కూడా. ఎవరూ ఇంకొకరికి చెప్పకుండానే, నర్సులు, కేరర్లు, పాస్టర్ గారు, తెలుగు మాట్లాడమంటే సిగ్గుపడే మా పాపతో సహా పిల్లలు, అందరం కలిసి ఒకేసారి అన్నాం:

"పాపం, నైట్ డ్యూటీ దిగాడు. ఎవరూ పలకరించమాకండి."

ఎవరూ పలకరించలేదు. ఆ పొడుగాటి మనిషి తెల్లటి ఎండలో, డబ్బా చంకన పెట్టుకుని, నింపాదిగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.